పాత స్పీడ్‌బోటు: ముందు వెనక్కి వెళ్లి చూడండి



టెక్సస్‌లో మనవాళ్లు స్థిరపడ్డ ఊళ్ల పక్కన ఎక్కడో ఒకచోట పెద్ద చెరువు ఉంటుంది. అలవాటు కొద్దీ చెరువంటున్నాను గానీ, దాదాపు అన్నీ ఆనకట్ట కట్టి నింపిన జలాశయాలే. డాలస్ వైపు లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్. ఆస్టిన్ దగ్గర ట్రావిస్. హ్యూస్టన్‌కి ఉత్తరాన కాన్రో. వేసవిలో శనివారం వచ్చిందంటే పిల్లల్నీ పులిహోర డబ్బాల్నీ కార్లో వేసుకుని అక్కడికి చేరతాం. గట్టున చాప పరుచుకుని కూర్చున్నామో లేదో, కళ్లముందు నుంచి ఓ చిన్న బోటు దూసుకుపోతుంది. పొడవు 16 అడుగులో, 18 అడుగులో, అంతే. ముక్కు పైకెత్తి, తోకభాగం మాత్రమే నీళ్లకి ఆనించి, వెనకాల తెల్లటి ధార లేపుకుంటూ పోతుంది. కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూస్తాడు. సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన ఫోన్లో పాత బోట్ల ప్రకటనలు తిరగేస్తూ ఉంటాడు. ఇవాళ నా మాటలు ముఖ్యంగా ఆయన కోసం. ఆయనతో పాటు ఆయన శ్రీమతి కూడా వింటే మరీ మంచిది.

ఈ జాతి బోట్లు ఎలా పుట్టాయో ముందు కాస్త చెబుతాను. కొనేటప్పుడు ఎక్కడ చూడాలో ఆ కథలోనే ఉంది.

1950ల దాకా వేగంగా పోయే బోట్లకి వెనకభాగంలో అడుగు దాదాపు చదునుగా ఉండేది. నిలకడ నీటి మీద చదును అడుగు హాయిగా జారుతుంది. అల తగిలితే మాత్రం ఎగిరి దబ్బున పడుతుంది. లోపలున్నవాళ్ల నడుములు చెప్పాలి ఆ సంగతి. రే హంట్ అనే అమెరికన్ డిజైనర్ ముక్కు దగ్గర మొదలైన ‘వి’ ఆకారాన్ని తోక చివరిదాకా అలాగే లాక్కొచ్చాడు. అప్పుడు బోటు అల మీద పడ్డా, ఆ అంచు నీటిని కోసుకుంటూ దిగుతుంది. 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసావుకి పందెం జరిగింది. సముద్రం మహా పొగరుగా ఉన్న రోజు. హంట్ గీసిన ‘మాపీ’ అనే బోటుని డిక్ బెర్ట్రమ్ బృందం దాదాపు 8 గంటల్లో నాసావు చేర్చి గెలిచింది. ఆ తర్వాత పందెపు బోటంటే లోతైన ‘వి’ అడుగే అయింది.

దానికి ఒక ఏడాది ముందు, 1959లో, ఇంకో మార్పు వచ్చింది. జిమ్ విన్ అనే ఇంజనీరు ఆలోచనతో వోల్వో పెంటా కంపెనీ ఆక్వామాటిక్ అనే డ్రైవ్‌ని బయటపెట్టింది. ఇంజన్ బోటు లోపల కూర్చుంటుంది. ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట, వెనకపలకకి వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడు స్టెర్న్‌డ్రైవ్ అంటున్నది దీన్నే. ఇక్కడొకటి గమనించండి. డ్రైవ్ బరువూ, బోటుని ముందుకి నెట్టే తోపుడూ మొత్తం ఆ వెనకపలక మీదే పడతాయి. బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకైనా అంతే. ఆ పలకని ట్రాన్సమ్ అంటారు.

ఈ రెంటినీ కలిపి, చిన్న బోట్లలో పెట్టి, డబ్బున్న కుర్రవాళ్లకి పిచ్చెక్కించినవాడు డాన్ అరొనోవ్. న్యూజెర్సీలో ఇళ్లు కట్టి సంపాదించి మయామీ వచ్చినవాడు. 1962లో ఫార్ములా, 1964లో డాంజీ, 1966లో మాగ్నమ్, ఆ తర్వాత సిగరెట్ అనే బోటు కంపెనీలు పెట్టాడు. కంపెనీ పెట్టడం, పందేలు గెలిచి పేరు తేవడం, మంచి ధరకి అమ్మేయడం, అదే వీధిలో మళ్లీ ఇంకొకటి పెట్టడం, ఇదీ ఆయన వరస. ఉత్తర మయామీలోని ఆ 188వ వీధిలోనే 1987 ఫిబ్రవరి 3న, కార్లో ఉండగా, ఆయన్ని కాల్చి చంపారు. అది వేరే ప్రసంగానికి సరిపడా కథ, వదిలేద్దాం. ఆ వీధిలో తయారైన 16, 18 అడుగుల డాంజీల కోసం ఇప్పటికీ జనం వెతుక్కుంటారు. 18 అడుగులదాని పేరే ‘టూ ప్లస్ త్రీ’: ముందు విడివిడిగా ఇద్దరికి, వెనక బెంచీ మీద ముగ్గురికి చోటు. ఆ దారినే చెక్‌మేట్, బాహా, హైడ్రోస్ట్రీమ్ లాంటి పేర్లెన్నో వచ్చాయి. ఇవాళ మనకి సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి ఇవే.

ఇప్పుడు అసలు విషయం. వీటిని ఫైబర్‌గ్లాస్ బోట్లంటాం. పైకి ఫైబరే. కానీ 1960ల నుంచి 1990ల దాకా కట్టిన చాలా బోట్లలో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. అడుగున పొడుగునా వేసే దూలాలూ, నేల పలకా చాలావాటిలో చెక్కే; దానికి పైనా కిందా ఫైబర్ తొడుగు వేస్తారు. తొడుగు పగలనంత కాలం చెక్కకి ఢోకా లేదు. కానీ ఎవరో ఒకాయన లోతు కొలిచే పరికరం తగిలిద్దామని నాలుగు మరలు దిగ్గొట్టి, వాటికి సీలెంట్ పెట్టకుండా ఊరుకుంటాడు. నీరు ఆ బెజ్జంలోంచి చల్లగా లోపలికి వెళ్తుంది. బయటికి రావడానికి దారి లేదు. ఏళ్లు గడిచేసరికి లోపల చెక్క కుళ్లిపోతుంది, బయట రంగు మాత్రం చెక్కుచెదరదు.

అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే. ఇంజన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. సీట్లు కుట్టించుకోవచ్చు. వైర్లు, మీటర్లు, పైపులు అన్నీ మార్చుకోవచ్చు. లోపలి చెక్క పోతే ఇంజన్ తీయాలి, డ్రైవ్ విప్పాలి, లోపలి ఫైబర్ పొరని గ్రైండర్‌తో కోయాలి, కుళ్లిందంతా తవ్వి తీసి, కొత్త ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించి మళ్లీ పొరలు వేయాలి. వారాల కూలి. షాపువాడికి ఇస్తే ఆ బిల్లు చాలాసార్లు బోటు ధరని దాటుతుంది. అమ్మేవాళ్లు ఫొటోలు ముందునుంచి తీస్తారు. మీరు మాత్రం ముందు వెనక్కి వెళ్లండి.

ఆమధ్య ఓ మిత్రుడు నన్ను తోడు తీసుకెళ్లాడు. భీమవరం వాడు, నాకంటే చిన్న, అన్నా అని పిలుస్తాడు. రే హబ్బర్డ్ చెరువు దగ్గర ఒక పెద్దాయన ఇంటి ముందు ట్రైలర్ మీద బోటుంది. ఎర్రరంగు పాలిష్‌లో మన మొహం మనకి కనబడుతోంది. మావాడు వెళ్లీ వెళ్లగానే సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు, అంటే మనసులో బేరం అయిపోయినట్టే. నేను వెనక్కి వెళ్లి స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ మీద వరసగా తట్టుకుంటూ వచ్చాను. పైవరసంతా టక్ టక్ మని గట్టి చప్పుడు. డ్రైవ్ బిగించిన చోటుకి కింద, ఎడమపక్కన, ఓ జానెడు మేర ఆ చప్పుడు మొద్దుబారి దబ్ దబ్ మంది. “అన్నా, మళ్లీ కొట్టు” అన్నాడు మావాడు లోపలినుంచి. మళ్లీ కొట్టాను. స్టీరింగ్ వదిలి దిగొచ్చాడు.

పెద్దాయన మర్యాదస్తుడు. ఇంజన్ మూత ఎత్తి, లోపలివైపు నుంచి సన్నటి బెజ్జం వేసి చూసుకోనిచ్చాడు. చెక్క బాగుంటే డ్రిల్లు బిట్టుకి లేతరంగు పొట్టు పొడిపొడిగా వస్తుంది. మాకు వచ్చింది నల్లటి ముద్ద. వేళ్ల మధ్య నొక్కితే నీరు ఊరింది. ఆయన మొహం చూస్తే ఆయనకీ ఈ సంగతి తెలియదనే అనిపించింది. మావాడు చెయ్యి కలిపి, థాంక్స్ చెప్పి, తిరిగొచ్చేశాడు. దారిలో చాలాసేపు మాట్లాడలేదు.

తట్టి చూడటం అనుమానానికే పనికొస్తుంది, రుజువుకి చాలదు. తేమ కొలిచే మీటరు మేలు. డబ్బు బాగా పెట్టబోతుంటే మెరైన్ సర్వేయర్‌ని పిలిపించుకోండి. ఆయన ఫీజు మీకు తప్పించే ఖర్చుతో పోలిస్తే ఎంతో కాదు. అవుట్‌బోర్డ్ మోటారైతే ఇంకో పని చేయండి. మోటారు కింది కాలు పట్టుకుని మీరు పైకీ కిందకీ ఊపుతుంటే, తోడొచ్చినవాళ్లు ట్రాన్సమ్ పై అంచుని చూడాలి. మోటారుతో పాటు పలక కూడా కదిలిందంటే ఇక మాటల్లేవు. బోటులోపల చెప్పులు విప్పి నేలంతా నడవండి. మెత్తగా దిగినచోట కింద చెక్క పోయినట్టే.

అడుగు సంగతి కూడా చూడాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పొడవాటి తిన్నని బద్ద ఒకటి తీసుకెళ్లి, బోటు కింద దూరి, తోక చివర నుంచి ముందుకి నాలుగైదు అడుగుల మేర అడుగుకి ఆనించి పట్టుకోండి. బద్దకీ అడుగుకీ మధ్య వెలుతురు కనబడకూడదు. ట్రైలర్ మీద ఆధారపు దూలాలు తోక దాకా రాకపోతే, ఏళ్లతరబడి బరువుకి అడుగు వంగిపోతుంది. ఆ చిన్న వంపు వేగంలో ముక్కుని కిందికి నొక్కేస్తుంది. ఎంత ఇంజన్ పెట్టినా బోటు లేవనంటుంది. కొన్నాయన ప్రొపెల్లర్లు మార్చుకుంటూ కూర్చుంటాడు.

ఇక ఇంజన్. కారు లెక్కలు ఇక్కడ పనికిరావు. కారుకి ఎత్తూ పల్లమూ ఉంటాయి, పల్లంలో ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. బోటు ఇంజన్‌ది ఎప్పుడూ శ్రీశైలం ఘాటు ఎక్కుతున్న లారీ బతుకే. అందుకని తక్కువ గంటలు తిరిగిందని మురిసిపోకండి, ఎక్కువ తిరిగిందని పారిపోకండి. ఏళ్లతరబడి షెడ్డులో పడున్న బోటుకి రబ్బరు సామానంతా ఎండిపోయి ఉంటుంది. కొత్తకాలపు ఇంజన్లయితే కంప్యూటర్లో లెక్క ఉంటుంది: ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో డీలరు చదివి చెప్పగలడు. అమ్మేవాడు “మా ఆవిడా నేనూ సాయంత్రాలు నెమ్మదిగా తిప్పేవాళ్లం” అన్నాడనుకోండి, ఆ కాగితం వేరే మాట చెప్పవచ్చు.

మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే ఓసారి తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ పడే తంటా మీకు కనబడకుండా. నేల మీద స్టార్ట్ చేయాలంటే డ్రైవ్‌కి నీళ్ల గొట్టం తగిలించాల్సిందే. నీళ్లు లేకుండా తిప్పితే పంపులోని రబ్బరు రెక్కలు చూస్తుండగానే కాలిపోతాయి. అన్ని సిలిండర్లలో కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నది ఇంజన్‌ని బట్టి ఉంటుంది. సిలిండర్ల మధ్య తేడా నూటికి 10 దాటకుండా ఉంటే నిశ్చింత. తర్వాత డ్రైవ్ అడుగున ఉన్న మర కాస్త వదులు చేసి గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు చూడండి. పాలరంగు తిరిగితే లోపలికి నీరు చేరింది. మరకి అంటుకుని ఇనుప తునకలు వస్తే గేర్లు అరుగుతున్నాయి. స్టెర్న్‌డ్రైవ్ అయితే ట్రాన్సమ్‌కీ డ్రైవ్‌కీ మధ్య ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది. టార్చి వేసి ప్రతి ముడతా చూడండి. అది నీటిమట్టానికి కిందే ఉంటుంది కాబట్టి, పగిలితే ముందు బేరింగ్ పోతుంది, కనిపెట్టకపోతే కట్టేసిన బోటు కట్టేసినట్టే మునుగుతుంది.

టెక్సస్ బోట్లకి ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది. 2021 ఫిబ్రవరిలో ఈ బోటు ఎక్కడుంది? ఆ నెల 16న డాలస్‌లో సున్నాకి కింద 19 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేక మనం దుప్పట్లలో ముడుచుకున్న రోజులు. ఈ స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్లలో చాలావాటికి రేడియేటర్ ఉండదు. చెరువు నీళ్లే తోడుకుని చల్లబరచుకుంటాయి. వాడకం అయ్యాక మరలు విప్పి ఆ నీటిని దించకపోతే, గడ్డకట్టి ఉబ్బి, ఇనుప బ్లాకునే చీల్చేస్తుంది. మన వైపు చలి తక్కువ కదా అని నీళ్లు దించని ఇంజన్లు ఆ వారంలో చాలా పగిలాయి. ఇంజన్ పక్కల టార్చి వేసి చూడండి. పాత ఇంజన్‌కి ఒక్కచోట మాత్రమే కొత్త రంగు ఉంటే, కింద ఎపాక్సీ పట్టీ ఉందేమో గోటితో గీకండి. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్లలో తిరిగిన బోటైతే పొగ బయటికి పోయే దారులన్నీ లోపల తుప్పే.

ట్రైలర్ గురించి ఒక్కమాట. టైరు మీద చివరి నాలుగంకెలు చదవండి. 1419 అని ఉంటే 2019లో 14వ వారం తయారీ. అరగకపోయినా వయసు మళ్లిన టైరుతో హైవే ఎక్కకండి.

“ఎంత పోతుంది?” అని అడగకుండా ఎవరూ ఉండరు. జవాబు ఎప్పుడూ ఉన్నదానికంటే పది మైళ్లు ఎక్కువే ఉంటుంది. మనలో ఇంజనీర్లకి కొదవలేదు కనుక, లెక్క వేసుకోండి. ప్రొపెల్లర్ మీద పిచ్ అని ఒక అంకె ఉంటుంది. 23 అని ఉంటే, ఒక చుట్టుకి 23 అంగుళాలు ముందుకి పోవాలని అర్థం. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు, గేర్ నిష్పత్తి ఒకటిన్నర అనుకుందాం. ప్రొపెల్లర్ 3,333 చుట్లు తిరుగుతుంది. దాన్ని 23తో గుణించి మైళ్లలోకి మారిస్తే గంటకి 72 మైళ్ల పైచిలుకు. నీళ్లు గట్టి నేల కాదు కాబట్టి నూటికి 10 దాకా జారుడు కింద పోతుంది. మిగిలేది 65. ఆ ప్రొపెల్లర్‌తో 75 పోతుందని అమ్మేవాడు చెబితే నవ్వి ఊరుకోండి.

నీళ్ల మీద నడిపి చూడకుండా కొనవద్దు. మొదట అమ్మేవాణ్నే నడపనివ్వండి. 60 మైళ్లకి అటూ ఇటూ వచ్చేసరికి, ‘వి’ అడుగు అంచు మీద నిలబడిన చిన్న బోటు కుడికీ ఎడమకీ ఊగడం మొదలెట్టవచ్చు. దిద్దబోయి స్టీరింగ్ ఇటూ అటూ తిప్పితే ఊపు పెరుగుతుంది; బోల్తా పడేది అక్కడే. థ్రాటిల్ నెమ్మదిగా తగ్గించాలి, అంతే. స్టీరింగ్‌లో వదులు ఉంటే ఈ ఊపు ఇంకా తొందరగా వస్తుంది కాబట్టి, నేల మీద ఉండగానే మోటారుని చేత్తో ఊపి కేబుల్‌లో ఎంత ఆట ఉందో చూసుకోండి. డ్రైవరు ఒంటికి తగిలించుకునే ఎర్ర తాడు ఒకటుంటుంది. మనిషి సీట్లోంచి ఎగిరిపడితే అది ఊడి ఇంజన్ ఆగిపోతుంది. 26 అడుగుల లోపు బోటుకి ఇలా ఇంజన్ ఆపే స్విచ్ ఉంటే, వేగంలో తాడు తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా చట్టం. మనిషి నీళ్లలో, ఖాళీ బోటు ఆయన చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండటం ఏమిటో ఊహించుకుంటే చట్టం అక్కర్లేదు.

ఇప్పుడు శ్రీమతిగారితో ఒకమాట. ఇది కుటుంబానికి బోటు కాదు. మనం ఎక్కడికెళ్లినా మూడు కుటుంబాలం వెళ్తాం. అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చి ఉంటారు. వాళ్లు ఈ బోటు అంచు దాటి ఎక్కలేరు, ఎక్కితే ఆ కుదుపుకి కూర్చోలేరు. పదిమంది కూర్చుని, నీడలో పులిహోర తిని, పేకాడుకోవాలంటే పాంటూన్ బోటు కొనండి, లేదా ఆ పూటకి అద్దెకి తీసుకోండి. మీ ఆయనకి నిజంగా వేగమే కావాలంటే, ఇద్దరూ పిల్లల్ని ఎవరింట్లోనైనా వదిలి తిరగగలమనుకుంటే, అప్పుడు ఇది చాలా సరదా బోటు. నాకూ వీటి మీద మోజుంది కనుకనే ఇంతసేపు మాట్లాడుతున్నాను.

చివరిగా కాగితాలు. ట్రాన్సమ్ బయటివైపు, కుడిపక్క పైన, మొత్తం 12 అక్షరాలూ అంకెలూ ఉన్న నంబరు చెక్కి ఉంటుంది. 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారైన ప్రతి బోటుకీ అది తప్పనిసరి. టైటిల్, అంటే యాజమాన్య పత్రం, దాని మీది నంబరుతో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. చెరిపినట్టున్నా, నంబరు పలక మార్చినట్టున్నా వదిలేయండి. టెక్సస్‌లో అవుట్‌బోర్డ్ మోటారుకి బోటుతో పాటు వేరే టైటిల్ ఉంటుంది. చాలామంది ఒకటే తీసుకుని తర్వాత టైటిళ్లిచ్చే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. కొన్న ధర మీద 6.25 శాతం పన్ను ఉంది, అది కూడా లెక్కలో వేసుకోండి. 20 అడుగుల లోపు బోట్లకి లోపలివైపు ఒక రేకు ఉంటుంది. ఎంత బరువు, అవుట్‌బోర్డ్ అయితే ఎన్ని హార్స్‌పవర్ దాకా అని దాని మీద రాస్తారు. అంతకంటే పెద్ద మోటారు తగిలించి ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. కొనకముందే ఫోన్ చేసి అడగండి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీ అబ్బాయికి తాళాలిచ్చే ముందు అది అడగండి. చెరువు నుంచి బయటికొచ్చేటప్పుడు బోటులో నీళ్లన్నీ దించేయడం కూడా చట్టమే. 2009లో టెక్సోమా చెరువులో బయటపడిన జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు ఆ నీళ్లతో కూడా చెరువు నుంచి చెరువుకి పాకుతున్నాయి.

బేరానికి డిసెంబరు, జనవరి మంచి నెలలు. ఎండలు మొదలయ్యాక ప్రతివాడూ కొనేవాడే. ట్రాన్సమ్ గట్టిగా ఉండి, టైటిల్ అమ్మే మనిషి పేరు మీదే ఉంటే చెక్కు రాయండి. ఈ రెంటిలో ఏది లేకపోయినా, బోటు ఎంత ఎర్రగా మెరిసినా సరే, చెక్కుబుక్కు బయటికి తీయకండి.